స్వయంపోషణ గ్రంథములు, వాని జమాఖర్చులు

ఉద్యోగము విడిచి, యెకరమో రెండెకరములో భూమి గొని, తన గింజను తాను పండించుకొని, యొకరికి జవాబు చెప్పనక్కరలేకుండ బ్రదుకవలెనను కోరిక మన విద్యావంతులలో నానాటికి పెరుగుచున్నది. ఉపాధ్యాయులు నలుగురు విరామవేళ నొకచోట గూర్చున్నచో నీ ప్రసంగము రాకపోదు. హైదరాబాదులో కంప్యూటరు ముందు దినమునకు పదిగంటలు గూర్చుండు యువకులు శనివారమునాడు పొలమునకు బోయి, మామిడిమొక్కలకు నీరుపోసి, ఆదివారము రాత్రికి మరల నగరము జేరుచున్నారు. వీరిని జూచి నవ్వువారు కలరు. నాకు నవ్వు రాదు. నెలజీతముమీద బ్రదుకు మనుష్యునకు దాను తినునన్నము నెవరు పండించిరో తెలియకుండుట యొక కొరతయే. ఆ కొరతను గుర్తించుట వివేకమే. అయితే యీ కోరికకు నీరుపోసి పెంచినవి కొన్ని గ్రంథములు. అవి నూటడెబ్బది యేండ్లుగా నొకభాషనుండి మరియొక భాషలోనికి నడచుచు, కొన్ని తెలుగులోనికి గూడ వచ్చినవి. వానిని మనవారు స్తోత్రపాఠములవలె జదువుదురే గాని గ్రంథములవలె బరీక్షించుట లేదు. ఆ పరీక్షయే యీ వ్యాసమున నేను చేయబూనిన పని.

నా పరీక్షకు సాధన మొక్కటే. స్వయంపోషణమును గూర్చి వ్రాసిన ప్రతి గ్రంథమును నేనొక ప్రశ్న యడుగుదును: ఈయన పండించినది సరియే, ఉప్పు కొన్న డబ్బెక్కడిది? ఉప్పు, ఇనుము, బట్ట, శిస్తు, వైద్యుని రుసుము, పిల్లల చదువు, ఇవి చేనిలో మొలవవు. వీనికి రొక్కము కావలెను. ఆ రొక్కము గ్రంథకర్త చేసిన కొలువునుండి వచ్చినదా, తండ్రి యాస్తినుండి వచ్చినదా, మిత్రుని యౌదార్యమునుండి వచ్చినదా, భార్య రెక్కల కష్టమునుండి వచ్చినదా? ఎక్కడినుండి వచ్చినను దోషము లేదు. చెప్పకపోవుటయే దోషము. జమ చూపక ఖర్చుమాత్రము చూపిన చిట్టా యెంత యందముగా వ్రాసినను చిట్టా కాదు.

మన ప్రాచీను లీ విషయమున నేమి చెప్పిరని కొందరడుగవచ్చును. చెప్పినది మనకంతగా నుపకరింపదు. మనుస్మృతి చతుర్థాధ్యాయమున జీవనోపాయములను వరుసగా బేర్కొనుచు, రాలినగింజ లేరుకొని బ్రదుకుటకు ఋతమనియు, అడుగక వచ్చినదానికి అమృతమనియు, యాచించినదానికి మృతమనియు, సేద్యమునకు ప్రమృతమనియు, వాణిజ్యమునకు సత్యానృతమనియు బేళ్లుపెట్టి, కొలువునకు మాత్రము శ్వవృత్తి, అనగా కుక్కబ్రదుకు, అని పేరుపెట్టినది. పగలు కచ్చేరిలో గొలువుచేసి యుదయ సాయంకాలములందు మడిదున్ను మనుష్యుడు, ఈ లెక్కచొప్పున, ప్రమృతమును శ్వవృత్తిని గలిపి బ్రదుకువాడు! దశమాధ్యాయమున నా స్మృతియే నాగలి భూమిని, భూమిలోని ప్రాణులను హింసించునని సేద్యమును మరల నిందించినది. దున్నినవాని యన్నము దినుచు దున్నుటను నిందించుటకు మేడిపట్టి యెరుగని చేయి కావలెను. ఆ చేతివ్రాతనుండి సేద్యపు జమాఖర్చును మనమాశింపరాదు.

పోతనామాత్యుడు రాజాశ్రయమును దిరస్కరించి హలముపట్టి జీవించెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ కథ మనకు బ్రియమైనది. కాని యాయన యెన్ని పుట్లు పండించెను, కలుపు తీసినవారెవరు, భాగవతము వ్రాయు దినములలో మేడి యెవరు పట్టిరి యను ప్రశ్నలకు ఆ కథలో సమాధానము లేదు. కథకది యక్కరలేదు. ఇట్లు బ్రదుకుడని యొరులకు దారిచూపబూనిన గ్రంథమునకు మాత్ర మక్కర.

ఈ ప్రశ్నను దన్నుదానే యడుగుకొని, సమాధానమును అంకెలలో నచ్చువేసినవాడు అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రమునందలి కాంకర్డు గ్రామవాసి హెన్రీ డేవిడ్ థోరో. ఆయన 1817లో జన్మించి, హార్వర్డు కళాశాలలో జదివి, 1837లో గొలది దినము లుపాధ్యాయుడుగా నుండి, పిల్లలను గొట్టి తీరవలెనను నిర్బంధమున కొప్పుకొనజాలక యా కొలువు వదలెను. (ఉపాధ్యాయవృత్తిలోని వారమగు మేమీ సంగతిని ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొందుము.) తరువాత నన్నతో గూడి యొక పాఠశాల నడపెను, తండ్రిగారి పెన్సిళ్ల కర్మాగారమున బనిచేసెను, భూములు కొలుచు సర్వేయరుపని చేసెను. 1845 జూలై 4వ తేదీన వాల్డెను సరస్సునొద్ద దాను కట్టుకొన్న చిన్నయింట బ్రవేశించి, 1847 సెప్టెంబరు 6వ తేదీవరకు నచట నివసించెను. ఆ నేల యాయనది కాదు, మిత్రుడైన ఎమర్సనుది. ఆ నివాసమును గూర్చి 1854లో వెలువరించిన గ్రంథమునకు సరస్సు పేరే పెట్టెను.

ఆ గ్రంథమునందలి మొదటి యధ్యాయ మన్నిటికంటె బెద్దది. దానినిండ జమాఖర్చులే. పదియడుగుల వెడల్పు, పదునైదడుగుల పొడవుగల యింటికి బట్టినది 28 డాలర్ల 12½ సెంట్లు. రైలుమార్గముపై బనిచేయు నొక ఐరిషు కూలివాని గుడిసెను బలకలకొరకు 4 డాలర్ల 25 సెంట్లకు గొన్న సంగతియు నందు గలదు. మొదటియేట రెండున్నర యెకరములలో ముఖ్యముగా జిక్కుడువేసి, సేద్యమునకు 14 డాలర్ల 72½ సెంట్లు వెచ్చించి, 23 డాలర్ల 44 సెంట్లు రాబట్టి, 8 డాలర్ల 71½ సెంట్లు మిగిల్చెను. ఎనిమిది నెలల తిండికి గొన్న సరకుల వెల 8 డాలర్ల 74 సెంట్లు. భూములు కొలుచుట, వడ్రంగము, ఇతర కూలిపనులు చేయుటవలన వచ్చినది 13 డాలర్ల 34 సెంట్లు.

చదువరు లీ యంకెలవద్ద గొంచెము నిలువవలెను. చేను మిగిల్చినది 8 డాలర్ల 71½ సెంట్లు. కూలి తెచ్చినది 13 డాలర్ల 34 సెంట్లు. అనగా, స్వయంపోషణమునకు వేదమని లోకము పూజించు గ్రంథమున, గ్రంథకర్త స్వయముగా జూపిన లెక్కనుబట్టియే, చేనికంటె గూలి యెక్కువ పెట్టినది. పైగా నాయన తాను పండించిన చిక్కుడుగింజలను దినుటకు బండింపలేదు. వానిని బియ్యమునకు మార్చుకొనెను. హిందూదేశపు తత్త్వశాస్త్రమునం దంత ప్రీతిగలవాడు బియ్యము దినుటయే యుచితమని తన్ను దానే వేళాకోళము చేసికొనెను. సంవత్సరమున నారు వారములు పనిచేసినచో దక్కిన సంవత్సరమంతయు గడచునని యాయన తేల్చిన సిద్ధాంతము. ఆ యారు వారముల పని యేది? చేనిపనియే యని యాయన నియమింపలేదు. దినకూలియే యన్నిటికంటె స్వతంత్రమైన వృత్తియని, సాయంకాలమైనంతనే కూలివాడు తన యజమాని తానేయగునని యాయన తలపు. కావున 'వాల్డెను' ఉద్యోగమును విడువుమని చెప్పు గ్రంథము కాదు. అక్కరలను దగ్గించి, యుద్యోగమును సంవత్సరములో నొక చిన్న మూలకు నెట్టుమని చెప్పు గ్రంథము. మనవారు దీనిని విపరీతముగా జదువుచున్నారు. అక్కరలను దగ్గింపకయే యుద్యోగమును వదలుటకు దీనిని బ్రమాణముగా జూపుచున్నారు.

ఇంకొక సంగతి. ఆ సరస్సునకును మనకును గీతాపఠనమొక్కటియే సంబంధము కాదు. 1846-47 చలికాలమున నూర్గురు ఐరిషు కూలివాండ్రు వచ్చి, సరస్సుపై గట్టిన మంచును రంపములతో గోసి గుట్టలువేయుటను థోరో తన గుమ్మమునుండి చూచెను. ఆ ప్రాంతపు మంచు బోస్టను రేవునుండి యోడలకెక్కి కలకత్తా, బొంబాయి, మదరాసు పట్టణములకు బోవుచుండెను. మదరాసు సముద్రతీరమున 1842లో గట్టిన మంచుకొట్టు, నేటికిని జనులు 'ఐస్‌హౌస్' అని పిలుచునది, ఆ వర్తకమునకు బుట్టినదే. 1897లో వివేకానందస్వామి బసచేసిన భవనమదియే. థోరో యీ మంచు ప్రయాణమును జూచి గంగాజలమును దలచి పరవశించెను. నాకు మాత్రము రంపములు పట్టిన యా నూర్గురి దినకూలి యెంతయో తెలిసికొనవలెనని యున్నది. ఏకాంతమునకు బేరుపడిన సరస్సుపై లోకవాణిజ్యమప్పటికే కాలుమోపియుండెను.

థోరోను నిందించువారు సామాన్యముగా నొక మాట యందురు: ఆయన యప్పుడప్పుడు గ్రామమునకు బోయి భోజనము చేసెడివాడు గదా, ఆయన బట్టలు మరియొక రుతికిరి గదా యని. ఇది యేదో రహస్యము బయటబెట్టినట్లు చెప్పుదురు. వారు గ్రంథమును జదువలేదు. బయట భోజనముచేయు సంగతి యాయనయే వ్రాసికొన్నాడు. బట్టలుతుకుట, చినిగినవి కుట్టుట బయట జరిగినవనియు, వాని బిల్లు లింకను రాలేదు గావున లెక్కలో జేర్పలేదనియు నాయనయే చెప్పుకొన్నాడు. ఆయన దాచలేదు, పరిహాసముచేసి దాటిపోయెను. నా యాక్షేపణ యచట. ఇంటి కొక్కొక్క మేకును లెక్కబెట్టిన కలము బట్టలుతికిన చేతులయొద్దకు వచ్చునప్పటికి హాస్యమాడుట కారంభించినది. ఆ బిల్లు నేటికిని రాలేదు.

'బేకరు క్షేత్రము' అను నధ్యాయ మింతకంటె గటువైనది. వర్షము వచ్చి థోరో యొక పాతయింటి చూరుక్రింద జేరెను. అందొక ఐరిషు కూలివాడు భార్యతో, పెక్కురు బిడ్డలతో గాపురముండెను. అతడు పొరుగు రైతు బురదనేలను బారతో దిరుగవేయుచుండెను. ఎకరమునకు పది డాలర్లు, పైగా నొక యేడాది యా నేలను ఎరువుతోసహా వాడుకొనుటకు హక్కు, ఇదియే కూలి. థోరో యాయింట గూర్చుండి, మీరు తేనీరు, కాఫీ, వెన్న, మాంసము మానినచో నింత కష్టపడనక్కరలేదని లెక్కగట్టి బోధించెను. భార్యాభర్తలు విని, నిట్టూర్చి, యా లెక్క తమకు సాగునా యని యాలోచించిరట. ఈ ఘట్టమున థోరో స్వభావములోని మిక్కిలి చిన్నతనము కనబడుచున్నది. బ్రహ్మచారి త్రైరాశికము సంసారికి చెల్లదు. పసిబిడ్డకు బాలు మానుపింపుమని లెక్క చెప్పరాదు. అయినను ఈ ఘట్టమును దీసివేయక గ్రంథమున నుంచుట యాయన ఋజుత్వమునకు సాక్ష్యము. తన సిద్ధాంత మెచ్చట నాగిపోవునో యాయనకు దెలియకయే గ్రంథము మనకు జూపుచున్నది. ఉత్తమ గ్రంథము గ్రంథకర్తకంటె నెక్కువ యెరిగియుండుట యిట్లే.

సంసారముగలవాడు, పైగా బెద్ద కొలువుగలవాడు, ఈ మార్గమున నడచి తన యనుభవమును వ్రాసినది మరియొక చోట నున్నది. గాంధీగారు 1904లో జోహానెస్‌బర్గునుండి డర్బనుకు రైలులో బోవుచు, మిత్రుడగు పోలాకు చేతికిచ్చిన రస్కిను గ్రంథమును జదివిరి. మరునాటికే తమ జీవితమును మార్చుకొన నిశ్చయించిరి. డర్బనునకు బదునాలుగు మైళ్ల దూరమున ఫీనిక్సునొద్ద మొదట ఇరువది యెకరములు, తరువాత దానినంటియున్న యెనుబది యెకరములు, మొత్తము వేయి పౌనులకు గొనిరి. 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక ముద్రణాలయము నచటికి మార్చిరి. జాతిభేదము లేకుండ మనిషికి నెలకు మూడు పౌనులు భత్యము. ముద్రణాలయము చుట్టును మూడేసి యెకరముల వంతులు. ఆత్మకథలో నీ ప్రకరణములు చిన్నవి. మనవారు రస్కినును జదివిన రాత్రిని గూర్చి విశేషముగా మాటలాడుదురు. దాని తరువాత వచ్చు పేజీలను గూర్చి మాటలాడరు.

ఆ తరువాతి పేజీలే నాకు ముఖ్యము. మట్టిగోడలు, గడ్డికప్పులుగల రైతు గుడిసెలు కట్టుకొనవలెనని వారి యాశ. కాని యట్టి యిండ్లు కట్టుటకు ధనమును గాలమును ఎక్కువ పట్టుననియు, అందరును ద్వరగా స్థిరపడవలెనని యాతురపడుచుండిరనియు, అందుచే నిష్టములేకయే రేకుల యిండ్లు వేసికొంటిమనియు గాంధీగారు వ్రాసిరి. ఈ వాక్యమును నేను మా విద్యార్థులకు రెండుసారులు చదివి వినిపించితిని. నిరాడంబరమైన వస్తువు చవుకగా దొరకునని మన భ్రమ. మట్టియిల్లు చవుకగా నుండుట దానిని గట్టువానికి దీరిక యున్నప్పుడు మాత్రమే. తీరిక లేనివానికి రేకే చవుక. కొలువుచేయుచు సేద్యముచేయు మనుష్యుని కష్టమంతయు నీ యొక్క వాక్యములో నున్నది. ఫీనిక్సునుండి పత్రిక వెలువడవలసిన మొదటి రాత్రి నూనెయింజను మొరాయించెను. చేతితో ద్రిప్పుటకు జక్రముండెను. కాని మనుష్యులు చాలకపోయిరి. అచట నిద్రించుచున్న వడ్రంగులను లేపి, వారి సాయముతో దెల్లవార్లు చక్రము ద్రిప్పిరి. ఆ వడ్రంగులను గాంధీగారు మరువక పేర్కొనుట గమనింపదగినది.

ఇక రొక్కపు మాట. ముందునుండియే 'ఇండియన్ ఒపీనియన్' గాంధీగారి సంపాదనను మ్రింగుచుండెను. నెలకు డెబ్బదియైదు పౌనులు పంపవలసివచ్చిన కాలము గలదని వారే వ్రాసిరి. ఆ సంపాదన జోహానెస్‌బర్గు న్యాయవాదవృత్తినుండి వచ్చినది. క్రమముగా నా వృత్తిని విడిచి, ఫీనిక్సునందే యుండి, శరీరశ్రమచే బ్రదుకవలెనని వారి సంకల్పము. అది జరుగలేదు. ఫీనిక్సును స్థాపించినవాడనయ్యు నచట గొలది దినములు మాత్రమే యుండగలిగితినని వారు విచారముతో జెప్పుకొనిరి. క్షేత్రమొకచోట, దానిని బోషించు కొలువు రైలులో నొక పగలు నొక రాత్రి దూరమున! ఈ విచారమును వారు వ్రాయకపోయినచో ఫీనిక్సు కథ మరియొక పురాణకథయై యుండెడిది. వ్రాసినందువలన నది మన కథయైనది. నాకు గల కొరత యొక్కటే: 1906 తరువాత ఫీనిక్సున గాపురముండిన కస్తూరిబాయి గారి దృష్టితో నా మూడెకరముల వృత్తాంతము మనకు లేదు. భర్త యాశయము యొక్క దినచర్య యామెకు దెలిసినట్లు భర్తకు దెలిసియుండదు.

రాల్ఫ్ బోర్సోడి యను అమెరికా యర్థశాస్త్రజ్ఞుని పేరు మన దేశమున నంతగా వినబడదు. ఆయన 1920లో గుటుంబముతో న్యూయార్కు నగరము విడిచి, గంటన్నరకు మించిన ప్రయాణదూరమున బల్లెపట్టున నివసించుచు, నగరములోని తన పనికి బోవుచువచ్చుచుండెను. ఆ యనుభవమును 1933లో, అమెరికాలో లక్షలమంది పని లేక వీధులబడియున్న సమయమున, గ్రంథముగా వెలువరించెను. శైలిలో నాయన థోరో కాలిగోటికి జాలడు, విసుగుపుట్టించు గద్యము. కాని యొక విషయమున నతనిని మించెను. భార్య యింట టొమాటోలు నిలువచేసినపుడు, ఆమె గడియలకు వెలగట్టి, వంటచెరకు, డబ్బాల ఖర్చు కలిపి, అంగడి సరకుతో బోల్చి, యింటిదే చవుకయని తేల్చెను. ఇంటిపనికి వెల గలదని, దానిని లెక్కలో వేయవలెనని యీ శ్రేణి గ్రంథములలో నింత స్పష్టముగా జెప్పినది నాకితరత్ర కనబడలేదు. థోరోకు రాని బిల్లు బోర్సోడికి వచ్చినది. ఆ వెల నామెయే కట్టియున్నచో నెంత కట్టెడిదో యనుట వేరుమాట.

బోర్సోడి నగరపు సంపాదన నుంచుకొనియే పల్లెకు బోయినట్లు గ్రంథములో దాపరికము లేదు. అయినను ఆ గ్రంథమును జదివినవారిలో బెక్కురకు నగరపు సంపాదన లేదు. అదే సంవత్సరము అమెరికా ప్రభుత్వ మిట్టి నివాసములకొరకు రెండున్నర కోట్ల డాలర్లు కేటాయించెను. పశ్చిమ వర్జీనియాలోని ఆర్థర్‌డేలు వానిలో మొదటిది. పనులు పోయిన బొగ్గుగనుల కూలివాండ్రకు ఇల్లు, కొలది యెకరముల భూమి యిచ్చిరి. అధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్‌వెల్టు దానిని స్వయముగా బట్టించుకొనెను. సగము పంట, సగము కర్మాగారపు కూలి యని వారి యాలోచన. ఇండ్లు లేచినవి, తోటలు లేచినవి, కర్మాగారము లేదు. తపాలాశాఖకు సామానుచేయు కర్మాగారము నచట నెలకొల్పుటకు 1934లో శాసనసభ యంగీకరింపలేదు. తరువాత వచ్చినవి నిలదొక్కుకొనలేదు. కూరగాయలు సమృద్ధిగా నున్నను, బాకీలు తీర్చు రొక్కము లేక యా జనులు చిక్కుపడిరి. కొలువు లేని చేను కుంటిదని యింత ధనము వెచ్చించి నిరూపించిన మరియొక యుదాహరణము నే నెరుగను.

మనవా రిప్పుడెక్కువగా జదువునది జపానుదేశపు మసనోబు ఫుకువోకా గ్రంథము. 1975లో వెలువడిన యీ గ్రంథము తెలుగులో గూడ నున్నది. దున్నవలదు, ఎరువు వేయవలదు, కలుపు తీయవలదు అను మూడు మాటలు మనవారి నోళ్లలో నాడుచున్నవి. అదే గ్రంథమున నాయన చెప్పిన మరియొక సంగతి యెవరి నోటను వినబడదు. యోకోహామా సుంకపు కార్యాలయములో సస్యపరీక్షకుడుగా నుండిన ఫుకువోకా యిరువదియైదవ యేట నా కొలువు విడిచి, తండ్రిగారి నారింజతోట కొచ్చి, ఏమియు జేయకుండుటయే సేద్యమని చెట్లను వాని మానాన విడిచెను. చెట్లు చచ్చిపోయినవి. తండ్రి గ్రామపెద్ద, ఊరివారి మాటలు పడలేక, కొడుకును మరల నుద్యోగమునకు బొమ్మనెను. ఫుకువోకా కోచీ మండలమున సస్యపరిశోధనశాలలో నెనిమిదేండ్లకు దగ్గరగా జీతముచేసి, యుద్ధానంతరము గాని మరల సేద్యమునకు రాలేదు. ఆ యెనిమిదేండ్ల జీతము, ఆ చచ్చిన తండ్రితోట లేనిదే యా గ్రంథము లేదు. ఆయన వానిని దాచలేదు, చదువరులు దాటవేసిరి.

ఇంతవరకు బేర్కొన్న నలుగురిని నేను గౌరవించుటకు హేతువిదియే: నలుగురును ఏదోయొక పుటలో జమ చూపిరి. నేడు మన భాషలో నీ విషయమున వచ్చు వ్రాతలలో నా పుట కానరాదు. ఉద్యోగము బానిసత్వమనియు, పొలము స్వర్గమనియు జెప్పుచు బోవుదురు. బావి త్రవ్వించినది యే సొమ్ముతోనో, కంచె నాటినవారి కూలి యెంతయో, వారమంతయు వ్రాసినవాడు నగరమున నున్నపుడు పాడియావును జూచినదెవరో యొక్క వాక్యమైన నుండదు. పాలేరు ఫోటోలో సైతము కనబడడు. కౌలుకిచ్చిన నేలను దన సేద్యమని చెప్పుకొనువారును గలరు.

మా తరగతిలో నొకే బల్లమీద నిద్దరు బాలురు గూర్చుందురు. ఒకని తాత భూస్వామి. తండ్రి నగరమున నుద్యోగి. వాడు పెద్దయైన తరువాత బొలమునకు మరలిపోవలెనని కలలు గనును. రెండవవాని తాత పాలేరుతనము చేసెను. ఏడాదికి గొలిచిన గింజలకు, అప్పునకు జీవితమంతయు నొకరి వాకిట గడపెను. ఆ యింటిలో మొదటి నెలజీతము వచ్చిన దినము విముక్తిదినము. ఎండకు వానకు దడియని పని, ఒకటవ తేదీన చేతికివచ్చు రొక్కము, ఎవరిని 'దొరా' అని పిలువనక్కరలేని బ్రదుకు, వీనికొరకు రెండు తరములు పాటుపడిన యింటివానికి ఉద్యోగము బానిసత్వమని చెప్పు గ్రంథము మొదట వానికి సమాధానము చెప్పవలెను. ఆ గుడిసెలో థోరో ముందు గూర్చున్న ఐరిషు కూలివాని మనుమడు వాడు. పొలమునకు మరలుట యనునది పొలమునుండి స్వేచ్ఛగా వెళ్లగలిగినవారి మాట. వెళ్లగొట్టబడినవారికి, పొలములో గట్టివేయబడినవారికి నా మాట యర్థము వేరు. నేల యెవరిపేర నున్నదో చెప్పని స్వయంపోషణ గ్రంథమును వానిచేతి కిచ్చుటకు నాకు మనస్సొప్పదు.

అట్లని వానికి మట్టి యక్కరలేదని నా తాత్పర్యము కాదు. జీతముండి, తనపేర నరయెకరముండి, తన చేతులతో దన కూర తాను పండించుకొనుట వానికి నాకును మేలే. ఆ మేలునకు దగిన గ్రంథము మాత్ర మింకను రావలసియున్నది. అది వ్రాయువాడు కొలువు విడిచినవాడు కానక్కరలేదు. తెల్లవారుజామున పాదులకు నీరుపెట్టి, బడిగంటకు ముందు చేతులు కడుగుకొని, పరీక్షల నెలలో గలుపు పెరిగిపోయినందుకు బాధపడి, జీతములో నెంత మట్టిలో బోసెనో యంకెవేసి చూపి, భార్య గడియల నామెచేతనే వ్రాయించినచో జాలును.

ప్రయాణపు వెలను గూడ నందు వేయవలెను. దీనిని దప్పక లెక్కించిన దృష్టాంత మొక్కటి గలదు. గాంధీగారి మిత్రుడు, శిల్పియగు కాలెన్‌బాకు 1910లో జోహానెస్‌బర్గునకు ఇరువదియొక్క మైళ్ల దూరమున బదునొకండు వందల యెకరముల భూమిని సత్యాగ్రహుల కుటుంబముల నివాసమునకై యద్దె లేకుండ నొసగెను. టాల్‌స్టాయి క్షేత్రమని దానికి బేరు. గుజరాతీలు, తమిళులు, ఉత్తరదేశస్థులతోబాటు ఆంధ్రదేశమువారును అచట నుండిరని గాంధీగారు దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రమున వ్రాసిరి. క్షేత్రపు పనిమీద నగరమునకు బోవువారికి రైలులో మూడవ తరగతి. స్వంతపనిమీద బోవువారు నడువవలెను. రాత్రి రెండు గంటలకు లేచి బయలుదేరి, ఆరేడు గంటలు నడచి నగరము చేరెడివారు. నగరమున దిండికి డబ్బు వెచ్చింపకుండ, చేతి తిరగలిలో విసరిన గోధుమపిండి రొట్టె, ఇంట నూరిన వేరుసెనగ వెన్న, తోటలోని నారింజలతో జేసిన పాకము మూటగట్టుకొని పోయెడివారు.